కిట్ కోసిన దుంపలు

హురిహన్ల ఇంట్లో వెనక గడపకి ఇవతలిదంతా కిట్‌ది, అవతలిదంతా బాట్‌ది. ఇద్దరూ అన్నాచెల్లెళ్ళు. ఇద్దరిలో ఎవరూ పెళ్ళి చేసుకోలేదు. కూర్చుని మాట్లాడుకుని చేసుకున్న పంపకం కాదది. తల్లి పోయిన ఏడు కిట్ వంటింటి పొయ్యి దగ్గరికి చేరింది, బాట్ పార పట్టుకుని బయటికి పోయాడు. అలా మొదలైంది. తరవాత అదే అలవాటైపోయింది. అతను బురద బూట్లు గడప బయటే విప్పేవాడు. ఆమె ఉతికిన బట్టలు గోడవారగా ఆరేసేది తప్ప తోటలోకి అడుగు పెట్టేది కాదు. క్యాబేజీ కావాలంటే గడప మీద నిలబడి కేకేసేది. అతను తెచ్చి గడప మీద పెట్టేవాడు.

నేను రోడ్డుకి ఇటువైపు ఉంటాను. మా వంటింటి కిటికీలోంచి చూస్తే వాళ్ళ గేటు, గేటు పక్కన బాట్ పెంచిన క్రొకాస్మియా పూల గుబురు, దాని వెనక ఫ్యూషియా మొక్కల కంచె, కంచె పైన ఎప్పుడూ వానకి సిద్ధంగా ఉండే ఆకాశం కనిపిస్తాయి. ఊళ్ళో చిన్న లైబ్రరీని నేనే చూసుకునేదాన్ని. పాలకేంద్రం దుకాణంలో పని అయిపోగానే కిట్ అటు వచ్చేది. "హత్యలున్నవి ఇవ్వు. ప్రేమలొద్దు. ప్రేమలో ఎవరు ఏం చేశారో చివరికైనా తెలీదు," అనేది. మా పరిచయం అలాంటిది. పుస్తకం ఇచ్చేదాన్ని, తీసుకునేది, వాన గురించి ఒక మాట అనుకునేవాళ్ళం.

మా వైపు రోడ్ల గట్లన్నీ ఆగస్టు వచ్చేసరికి నారింజ రంగు పూలతో నిండిపోతాయి. అవీ క్రొకాస్మియాలే. ఎప్పుడో ఎవరి తోటలోంచో తప్పించుకుని వచ్చి, గట్టు గట్టంతా ఆక్రమించుకున్నాయి. ఆ కాలంలో వచ్చే యాత్రికులు కార్లు ఆపి వాటిని ఫోటోలు తీసుకుంటారు. బాట్‌కి అవంటే ఒళ్ళుమంట. కౌంటీ వాళ్ళ రోడ్డు పనిలో బతుకంతా గడిపినవాడు. కాలవలు తవ్వినప్పుడల్లా ఆ దుంపలే పారకి అడ్డం పడేవి. "తవ్వి పారేస్తే పారేసిన చోట మొలుస్తుంది. సిగ్గులేని జాతి," అనేవాడు.

అతని గేటు దగ్గరిది వేరు. నిలువెత్తు పెరిగేది. ఆకులు కత్తుల్లా నిటారుగా, మడతలు పెట్టి ఇస్త్రీ చేసినట్టు గీతలు గీతలుగా ఉండేవి. జులై చివర్లో వంగిన కాడల మీద ఎర్రటి పూలు వరసగా విచ్చేవి. నిప్పులాంటి ఎరుపు. ఒక పెద్ద బంగళా తోట చదును చేస్తున్నప్పుడు చెత్తకుప్పలోంచి బాట్ ఏరుకొచ్చిన పిడికెడు దుంపలు అవి. దాని పేరేమిటో అతనికి తెలీదు, అడగనూ లేదు. 'ఎర్రది' అనేవాడు.

ఆ ఎర్రది ఏటా ఒకే పనికి కోసేవాడు. ఆగస్టులో మా ఊళ్ళో సమాధుల ఆదివారం వస్తుంది. దానికి వారం ముందునుంచే అందరూ శ్మశానంలో చేరి తమవాళ్ళ రాళ్ళు కడుక్కుంటారు, కలుపు పీకుతారు, తెల్ల గులకరాళ్ళు కొత్తగా పోస్తారు. ఆదివారం మధ్యాహ్నం ఎవరి సమాధి దగ్గర వాళ్ళు నిలబడితే ఫాదర్ వరస వరసకీ తిరిగి తీర్థం చిలకరిస్తాడు. ఆ రోజు ఒక సమాధి మీద పువ్వు లేకపోతే ఆ ఇంటి గురించి ఊరు క్రిస్మస్ దాకా మాట్లాడుకుంటుంది. బాట్ చేతినిండా ఎర్రపూలు కోసి, గడ్డిమోపులు కట్టే నీలం తాడుతో బిగించి, అమ్మానాన్నల రాయి దగ్గర పెట్టేవాడు. కిట్ శాండ్‌విచ్‌ల డబ్బా పట్టుకుని పక్కన నిలబడేది.

చివరి రెండు వేసవులూ ఎర్రది సరిగా పూయలేదు. ఆకు ఉండేది, పువ్వు ఉండేది కాదు. "ఊపిరాడట్లేదు దానికి. కింద దుంప మీద దుంప ఎక్కి కూర్చుంటాయి. వసంతంలో తవ్వి విడదీయాలి," అని బాట్ గేటు దగ్గర నాతో అన్నాడు. ఆ మాటలోనే వెనక్కి తిరిగి, గడప మీదున్న కిట్‌తో, "ఏమే, నేను పోయాక ఇవే పెట్టు నా మీద. కాగితంలో చుట్టిన కొట్టు పూలు తెచ్చావో, లేచి వస్తా," అన్నాడు.

"రా. వచ్చేటప్పుడు బూట్లు బయట విప్పు," అంది కిట్.

ఫిబ్రవరిలో కొట్టంలో కట్టెలు కొడుతూ బాట్ కూలిపోయాడు. గుండె అన్నారు. కిట్ టీ కలుపుకుని గడప మీదికొచ్చి కేకేసింది. అతను రాలేదు. టీ చల్లారాక గడప దాటింది.

అతన్ని శవపేటికలో ఇంట్లో ఉంచిన రెండు రోజులూ ఊరంతా వచ్చి వెళ్ళింది. కిట్ హ్యామ్ ముక్కలు కోసింది, టీ పోసింది, కుర్చీలు సర్దింది. వచ్చినవాళ్ళు ఆమె చెయ్యి పట్టుకుని "నీ కష్టానికి విచారిస్తున్నాం కిట్" అంటే, "చక్కెర వేసుకుంటారా?" అనేది. ఆమె ఎప్పుడు ఏడుస్తుందా అని ఎదురుచూస్తున్నవాళ్ళు కొందరున్నారు. ఏడవలేదు. సమాధి దగ్గరా ఏడవలేదు. నెల తరవాత అతని పేరున చర్చిలో పూజ జరిగినప్పుడు మొదటి వరసలో కూర్చుని, ముందున్న కిటికీ అద్దం మీద వాన జారడం చూస్తూ ఉండిపోయింది.

ఆ రోజుల్లో ఒకసారి వాళ్ళింటికి వెళ్ళాను. కిట్ పొయ్యిలోంచి రొట్టె తీస్తోంది. ఇనప పళ్ళెం అంచు ఆమె మణికట్టుకి ఆనుకుని ఉంది. నేను అరిచాను. ఆమె పళ్ళేన్ని తాపీగా బల్ల మీద పెట్టి, చెయ్యి చూసుకుంది.

"కాలింది కాబోలు," అంది, ఎవరి చెయ్యి గురించో చెబుతున్నట్టు.

"నొప్పిగా లేదా?"

"ఏమో. రేపు ఉంటుందేమో." చన్నీళ్ళ కింద చెయ్యి పెట్టి, కిటికీలోంచి బయటికి చూసింది. "ఆగస్టుకి ఎర్రది పూయాలి. తవ్వి విడదీయాలన్నాడు. విన్నావుగా?"

"విన్నాను."

"దాని సంగతి చూడాలి." అంతే. మూడు వారాలుగా ఆమె నోట తనకి ఏదైనా కావాలన్న మాట నేను విన్నది అదే.

మార్చి మధ్యలో సెయింట్ ప్యాట్రిక్ పండుగ దాటగానే మా ఊళ్ళో అందరూ బంగాళాదుంపలు వేస్తారు. హురిహన్ల ఇంట్లో ఏటా ఆ ఒక్క పనీ ఇద్దరూ కలిసి చేసేవాళ్ళు. బాట్ విత్తనపు దుంపల గోనె తెచ్చి గడప మీద పెట్టేవాడు. కిట్ బల్ల మీద పాత పేపర్లు పరిచి, నల్లపిడి కత్తితో ఒక్కో దుంపనీ కోసేది. ప్రతి ముక్కకీ ఒక కన్ను, అంటే మొలక వచ్చే చోటు, తప్పకుండా ఉండాలి. కోసిన ముఖాన్ని పొయ్యి బూడిదలో అద్ది బకెట్లో వేస్తే, బాట్ బకెట్ ఎత్తుకెళ్ళి బోదెల మీద పాతేవాడు. చిన్నప్పుడు తల్లి ఎలా కోసిందో అలాగే కోసేది కిట్. నేలలో పెట్టేదేదైనా అలాగే పెడతారని తప్ప ఆమెకి తోటపని గురించి తెలిసింది మరేమీ లేదు.

ఆ ఏడు గోనె రాలేదు. కిట్ గడప దాటి, కొట్టంలోంచి నాలుగు ముళ్ళ పార తీసుకుని గేటు దగ్గరికి నడిచింది. సన్నగా వాన. ఒంటి మీద కోటు లేదు, మోచేతుల దాకా చేతులు బోసిగా ఉన్నాయి. నేను కోటు పట్టుకుని పరిగెత్తాను. "చలి లేదు," అంది. ఆమె పెదాలు నీలంగా ఉన్నాయి.

ఆ గుబురు పైకి లాగడానికి చాలాసేపు పట్టింది. వచ్చాక చూస్తే బాట్ చెప్పినట్టే ఉంది. ఒక దుంప, దాని నెత్తిన ఇంకోటి, దాని నెత్తిన మరోటి, పూసల దండ గుచ్చినట్టు. అన్నిటికన్నా కిందవి నల్లగా ముడతలు పడి ఉన్నాయి. పైవి గుండ్రంగా, గోధుమరంగు నార తొడుక్కుని ఉన్నాయి. కిట్ అన్నిటినీ బకెట్లో వేసుకుని లోపలికి తీసుకెళ్ళింది. తరవాత ఏం చేసిందో నేను చూడలేదు. రెండు రోజుల తరవాత గేటు పక్కన నేల బోదెలు బోదెలుగా కట్టి ఉంది. చక్కటి బోదెలు, తాడు పట్టి గీసినట్టు. 'పర్లేదు, పనిలో పడింది' అనుకున్నాను.

మే నెల వచ్చింది. గట్ల మీద నారింజవాటి ఆకులు మోకాలెత్తు లేచాయి. కిట్ బోదెల మీద అక్కడొకటి ఇక్కడొకటి గడ్డిపరకల్లాంటివి కనిపించాయి. మిగిలిన చోట ఏమీ లేదు.

ఒకరోజు నెల్ టోబిన్ వచ్చింది. నాలుగిళ్ళ అవతల ఉంటుంది, మొక్కల పిచ్చి. పొలం పక్క డెర్ మినిహన్ కూడా ట్రాక్టర్ ఆపుకుని గేటు మీద చేతులు ఆన్చి నిలబడ్డాడు. డెర్‌కి బాట్ ప్రాణస్నేహితుడు. బాట్ పోయినప్పటినుంచి రోజూ ఏదో వంక పెట్టుకుని ఆ గేటు దగ్గర ఆగేవాడు. నన్నూ పిలిచారు.

"ఎంత లోతులో పెట్టావు?" అడిగింది నెల్.

"బంగాళాదుంపలు పెట్టినంత లోతు."

"బాగానే ఉంది. మరి ఎందుకు రాలేదు?" నెల్ వంగి వేలితో మట్టి తవ్వి ఒక ముక్క బయటికి తీసింది. మెత్తగా కుళ్ళిపోయి ఉంది. దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. ఒక పక్క చదునుగా ఉంది. "కిట్. ఇదేంటి? కోశావా?"

"కోశాను."

"కత్తితోనా?"

"పళ్ళతో కోస్తారా? కత్తితోనే. ప్రతి ముక్కకీ కన్ను ఉండేట్టు చూశాను. బూడిద కూడా అద్దాను."

నెల్ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓరి దేవుడా! వాటిని చేత్తో తుంచితే విడిపోతాయే తల్లీ. దుంపకి దుంప పెట్టాలి. కొయ్యకూడదు. అవేమన్నా బంగాళాదుంపలా?"

"ఇంకా నయం," అన్నాడు డెర్, "ఉడకబెట్టి వెన్న వెయ్యలేదు."

ఎవరూ నవ్వలేదు. కిట్ ఆ కుళ్ళిన ముక్క వైపు చూస్తోంది. ఆమె ముఖంలో ఏ మార్పూ లేదు.

"వచ్చినవి పూస్తాయా?" అంది.

"ఈ ఏడు పూయవు. ముక్కకి బలం ఉండదుగా. ముందు మట్టిలో కొత్త దుంప ఊరాలి. వచ్చే ఏడు పూయొచ్చు. ఆపై ఏడైనా పూయొచ్చు."

"సమాధుల ఆదివారం ఈ ఏడు ఉంది," అంది కిట్. లోపలికి వెళ్ళిపోయింది.

అప్పటినుంచి ఆమె రోజూ గడప దాటేది. పొద్దున్నే టీ కప్పు పట్టుకుని వెళ్ళి బోదెల పక్కన నిలబడేది. కలుపు పీకేది. ఎండ కాసిన నాలుగు రోజులూ నీళ్ళు పోసింది. ఆశపడి చేసినట్టు ఉండేది కాదు, అలాగని మానేదీ కాదు. ఒకరోజు నేను, "మా పెరట్లో డాలియాలు బాగా వచ్చాయి, ఆదివారానికి కోసిస్తాను," అన్నాను. "మంచివే," అంది, ధర అడిగి కొనకుండా పోయేవాళ్ళు అనే తీరుగా.

జులై చివరికి మొలిచినవి మోచేతి పొడవు పెరిగాయి. ఆకులు మాత్రం అవే ఆకులు, మడతలు, గీతలు, నిటారు. మొగ్గ లేదు. కాడ కూడా లేదు.

ఆదివారానికి ముందు శుక్రవారం డెర్ పట్నం వెళ్ళి వచ్చాడు. ట్రాక్టర్ కాదు, కారు. ముందు సీట్లో బెల్టు పెట్టి మరీ కూర్చోబెట్టి ఒక కుండీ తెచ్చాడు. దాన్నిండా ఎర్రటి క్రొకాస్మియా. నిప్పులాంటి ఎరుపు, వంగిన కాడలు, ఇస్త్రీ చేసిన ఆకులు. బాట్‌దానికీ దీనికీ వెంట్రుకంత తేడా లేదు.

"ఇదిగో. ఇంక నోరు మూసుకుని తీసుకెళ్ళి పెట్టు," అన్నాడు.

కిట్ కుండీ చుట్టూ ఒకసారి తిరిగింది. వేలాడుతున్న చీటీ తిప్పి, కళ్ళజోడు పైకి నెట్టుకుని చదివింది. "డెర్, దీని పేరు చూశావా? లూసిఫర్."

"అయితే?"

"సాతాను పేరు. ఫాదర్ తీర్థం చల్లే చోట సాతానుని పెట్టమంటావా?"

"బాట్ పెట్టిందీ ఇదేనే. ఇంతకాలం మీ అమ్మ నెత్తిన పెట్టాడు. ఆవిడేమీ లేచి రాలేదుగా."

"అతనికి తెలీదుగా పేరు."

"ఇప్పుడు నీకు తెలుసు కాబట్టి వద్దంటావా?"

కిట్ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుంది. "పేరు కాదులే డెర్. ఇది బాట్‌ది కాదు. అతను 'ఇవే' అన్నాడు. గేటు పక్కవి చూపించి అన్నాడు."

"ఎవరికి తెలుస్తుంది?" అన్నాడు డెర్. "చచ్చినవాడికా?"

"నాకు."

"బెల్టు కూడా పెట్టానే దానికి," అని గొణుక్కుంటూ డెర్ కారెక్కాడు. కిట్ కుండీని గుమ్మం ముందు వాన పడే చోట పెట్టింది. దానికీ నీళ్ళు పోసింది.

ఆదివారం వాన లేదు. శ్మశానం గోడ పొడవునా కార్లు. ముసలివాళ్ళకి మడతకుర్చీలు, పిల్లల చేతుల్లో చిప్స్ పొట్లాలు, మైకులోంచి గరగర. ప్రతి రాయి దగ్గరా పూలు కుప్పలు పోసి ఉన్నాయి. బాట్‌ని అమ్మానాన్నల సమాధిలోనే పూడ్చారు, ఇంకా రాతి మీద అతని పేరు చెక్కలేదు. అమ్మానాన్నల పేర్ల కింద ఖాళీ. ముందున్న మట్టి కుంగి, గులకరాళ్ళు ఒక పక్కకి జారాయి. కిట్ వాటిని చేత్తో సర్దుతోంది. ఆమె పక్కన గడ్డి మీద ఒక పేపరు చుట్ట ఉంది.

నేను, నెల్, డెర్ ఆమె వెనక నిలబడ్డాం. చుట్టుపక్కల వాళ్ళ చూపులు ఆ ఖాళీ మట్టి మీదికి వచ్చి, తప్పుకుని, మళ్ళీ వస్తున్నాయి. ఎవరో గుసగుసగా, "అన్నకి ఒక్క పువ్వు..." అంటూ ఆగిపోయారు.

ఫాదర్ మా వరసలోకి తిరిగేసరికి కిట్ పేపరు విప్పింది. అందులో ఆకులు. కోసిన ముక్కల్లోంచి బతికి బయటపడ్డ మొక్కల ఆకులు. ఒక్కోదాని నుంచి ఒక్కోటి కోసినట్టుంది, సన్నగా ఉంది ఆ కట్ట. నీలం తాడుతో బిగించి కట్టింది. వంగి రాతికి ఆనించింది.

ఫాదర్ ఆగాడు. చిన్నవాడు, మా ఊరికి కొత్త.

"పూలు రాలేదు ఫాదర్," అంది కిట్, గట్టిగా, అందరికీ వినపడేట్టు. "నేనే కోసేశాను దుంపల్ని. ఇవే వచ్చాయి."

ఫాదర్ తల ఊపాడు. అప్పుడు డెర్ మెడ ముందుకి చాచి చూసి, గుసగుస అనుకుంటూ శ్మశానమంతా వినపడేలా అన్నాడు: "ఉల్లికాడలు తెచ్చావేంటే కిట్?"

నెల్ అతని పక్కటెముకల్లో పొడిచింది. అంతలో ఒక శబ్దం వచ్చింది. దగ్గేమో అనుకున్నాను. కిట్ నవ్వుతోంది. రాయి పట్టుకుని, ఒంగి, భుజాలు ఊగేలా నవ్వుతోంది. ఫాదర్ చేతిలో తీర్థపు కుంచె అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఏడుపులోకి తిరుగుతుందని అందరం ఎదురుచూశాం. తిరగలేదు. నవ్వు వచ్చినట్టే ఆగిపోయింది. కిట్ నడుం నిటారు చేసి, పైకోటు సర్దుకుని, "బాట్ కూడా అదే అనేవాడు," అంది. "కానివ్వండి ఫాదర్."

తీర్థం ఆకుల మీద పడింది. మడతల్లోంచి జారి గులకరాళ్ళలోకి పోయింది. ఫాదర్ పక్క సమాధికి వెళ్ళాడు.

తరవాత కిట్ శాండ్‌విచ్‌ల డబ్బా తెరిచింది. అందరం తిన్నాం. ఎప్పటిలాగే ఉప్పు ఎక్కువైంది. ఆ రోజు గురించి ఊరు క్రిస్మస్ దాకా మాట్లాడుకుంది. కిట్‌కి అది వినపడిందో లేదో నాకు తెలీదు. లైబ్రరీ నుంచి హత్యలున్న పుస్తకాలు మామూలుగానే తీసుకెళ్ళింది.

నవంబరులో ఒకరోజు ఆమె గేటు దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. ఆకులు పసుపు తిరిగి వాలిపోయాయి. డెర్ కుండీలోని మొక్కని అప్పటికే గేటుకి అటువైపు పెట్టించింది. "దూరంగా పెట్టు. కలిసిపోతే ఏది ఎవరిదో తెలీదు," అందట అతనితో. డెర్ ఆ గుంత తవ్వుతూ మొక్కనీ కిట్‌నీ కలిపి తిట్టాడట.

నేను రోడ్డు దాటి వెళ్ళాను. కిట్ ఒక మొక్కని మట్టితో సహా పైకి తీసి అరచేతిలో పెట్టుకుని చూస్తోంది. అడుగున ఆమె కోసిన ముక్క నల్లగా, చదునుగా, ఎండిన తొక్కలా ఉంది. దాని పైన గోలీకాయంత దుంప, తెల్లగా, కొత్తగా. ఎక్కడా కోత లేదు.

"ఇది వచ్చే ఏడు పూస్తుందంటావా?" అంది.

"నెల్ ఆపై ఏడైనా పూయొచ్చంది కదా."

"ఊఁ."

ఆమె దాన్ని తీసిన గుంతలోనే, నల్లటి ముక్కని విడదీయకుండా, అలాగే దించి మట్టి కప్పింది. అరచేత్తో అదిమింది. లేవడానికి నా చెయ్యి అందుకుంది. ఆమె వేళ్ళు తడిసి, మట్టి కొట్టుకుని ఉన్నాయి.

"పద, లోపలికి పోదాం," అంది. "చేతులు కొంకర్లు పోతున్నాయి చలికి."

గడప దగ్గర ఆగి, బురద బూట్లు బయటే విప్పింది.